సుగ్గి తెలియని డాక్టరు

ఎమ్మిగనూరు, ఆదోని చుట్టుపక్కల పల్లెల్లో సుగ్గి కాలం వస్తే మాల, మాదిగ, బోయ వాడల్లో చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. పత్తి, మిరప కోతలకు జనం గుంటూరుకో, కర్ణాటకకో వలసపోతారు. క్షయ మందులు మింగుతున్న ఒక తల్లి కూడా అలా పోయిందనుకుందాం. మందు ఆగింది, జబ్బు ముదిరింది. చివరికి దూరంలోని ఓ పెద్దాసుపత్రిలో చేరింది. మంచం చుట్టూ నిలబడ్డ విద్యార్థులు కేస్ షీట్‌లో రాసుకునేది ‘డిఫాల్టర్’ అన్న ఒక్క మాట. మందు ఎందుకు ఆగిందో చెప్పగల ఆశా కార్యకర్త, పీహెచ్‌సీ డాక్టరు ఆ వార్డులో ఉండరు. అక్కడ పీహెచ్‌సీ ఊసు వచ్చేది ‘ఆలస్యంగా పంపారు’ అని తిట్టుకునేటప్పుడే.

సాధారణ వైద్యం మీద విద్యార్థికి చిన్నచూపు ఇక్కడే మొదలవుతుందని మేము అనుకుంటున్నాం. పల్లెకు పోవడానికి ఇష్టపడరని పిల్లల్ని నిందించడం తేలిక. వాళ్లకు చూపించినదేమిటో ఎవరూ అడగరు.

2021 నిబంధనల ప్రకారం 52 వారాల ఇంటర్న్‌షిప్‌లో కమ్యూనిటీ మెడిసిన్‌కు 12 వారాలు ఉన్నాయి. కాగితం మీద తక్కువేమీ కాదు. కానీ నీట్ పీజీకి చదువుకునే విద్యార్థి దృష్టిలో అది తీరిక దొరికే కాలం. 1946లోనే భోర్ కమిటీ సామాజిక వైద్యుణ్ని తయారుచేయాలంది. 1977లో ఒక్కో మెడికల్ కాలేజీకి మూడేసి పీహెచ్‌సీలను జోడించే పథకం వచ్చింది. జోడించినా, అక్కడి డాక్టరును గురువుగా ఎవరూ నిలబెట్టలేదు. బ్రిటన్‌లో 2017లో వెలువడిన అధ్యయనం ఒకటి చూడండి: రోగులను నేరుగా చూస్తూ జనరల్ ప్రాక్టీసులో ఎక్కువ కాలం నేర్చుకున్న కాలేజీల నుంచే ఎక్కువమంది ఆ రంగంలోకి వెళ్లారు.

ఇప్పుడు ప్రతి ఎంబీబీఎస్ విద్యార్థి పల్లెలో కొన్ని కుటుంబాలను ‘దత్తత’ తీసుకోవాలి. ఆ మాట మాకు మింగుడుపడదు. నేర్పేది ఆ కుటుంబం, నేర్చుకునేది విద్యార్థి. మరి దత్తత ఎవరు ఎవరిని తీసుకున్నట్టు? పైగా బీపీ చూసి, ఫొటో దిగి, సాయంత్రానికి బస్సెక్కితే సుగ్గి సంగతి తెలియదు. ఊరికి రెండోసారి, మూడోసారి పోయినప్పుడు తాళం వేసిన తలుపు కనబడాలి. అదీ పాఠమే.

జిల్లాలోని ప్రభుత్వ మెడికల్ కాలేజీ కర్నూలులో ఉంది, 1956 నాటిది. ఆదోనికి దాదాపు వంద కిలోమీటర్ల దూరం. అందుకే ఆదోని కాలేజీ మాకు ముఖ్యం. 2024లో మొదలవ్వాల్సింది, కాలేదు. 2025 సెప్టెంబరులో రాష్ట్ర కేబినెట్ దాన్ని మరో తొమ్మిదింటితో కలిపి పీపీపీ పద్ధతికి అప్పగించాలని నిర్ణయించింది. అంతకుముందే, 2023లో, గత ప్రభుత్వం 107, 108 జీవోలతో కొత్త ప్రభుత్వ కాలేజీల్లో సెల్ఫ్ ఫైనాన్స్, ఎన్నారై సీట్లు తెచ్చింది. సుగ్గికి పోయే ఇంటి బిడ్డకు ఆ సీటు అందదు. లక్షలు పోసి కొన్న విద్యార్థికి పీహెచ్‌సీ జీతంతో ఆ డబ్బు తిరిగి రాదు.

చర్చంతా భూమి, లీజు, ఫీజుల చుట్టూ తిరుగుతోంది. అవి అడగాల్సినవే. వాటితో పాటు, ఆదోనిలో చదివే విద్యార్థి ఏ పీహెచ్‌సీలో ఎన్ని నెలలు ఉంటాడు, అక్కడ పాఠం చెప్పే డాక్టరుకు అధ్యాపక హోదా ఇస్తారా అన్నది కూడా ఒప్పందంలో రాయమని విద్యార్థి సంఘాలు ఇప్పుడే అడగాలి.