ఇనుపదారిమీద పోటీ

రైలుబండ్లు నడపుటకు ప్రైవేటు కంపెనీలను రానిచ్చినచో ఛార్జీలు తగ్గును, సౌకర్యములు హెచ్చునని కొందఱు పెద్దలు వాదించుచున్నారు. సంతలో ఇద్దఱు వర్తకులున్న ధర దిగునను మాట మే మెఱుగనిది కాదు. కాని సంతకు బోవు బాట యొక్కటియే యైనప్పుడు సంగతి వేఱు.

కృష్ణా డెల్టాకు ఈ పోటీ క్రొత్తది కాదు. 1855లో బెజవాడ యొద్ద ఆనకట్ట ముగిసిన పిదప కాలువలు పొలములకు నీ రిచ్చుటయే గాక పడవలకు బాటలుగ నుండెను. 1889లో నైజాము రైలు బెజవాడ చేరెను. ఆ కంపెనీ పేరులోనే ‘గ్యారంటీడ్’ అను మాట గలదు. దాని మూలధనముపై నూటికి 5 వంతున వడ్డీకి నైజాము ఖజానా 20 ఏండ్లు పూచీపడెను. లాభము వాటాదారులది, నష్టము పన్ను గట్టు రైతుది! మన పడవవానికి వడ్డీ పూచీ నిచ్చిన వారెవరు? దానిని పోటీ యనుట న్యాయము కాదు.

ఇక నేటి కథ. 2020 జూలైలో రైల్వేశాఖ 109 జతల మార్గములందు 151 బండ్లను ప్రైవేటువారి కిచ్చుటకు దరఖాస్తులు కోరెను. గడువు 35 ఏండ్లు. ఛార్జీ వారి యిష్టము. పట్టాలు, డ్రైవరు, గార్డు మాత్రము ప్రభుత్వమువారివి. 12 కూటములలో సికిందరాబాదు ఒకటి. 2021లో టెండర్లు విప్పగా ఇద్దఱే తేలిరి. అందొకరు రైల్వేవారి సొంత సంస్థయే! సికిందరాబాదు కూటమిని అడిగినవాడే లేడు. ప్రయత్న మంతటితో నిలిచిపోయెను.

ఇటలీలో 2012 నుండి ప్రైవేటు కంపెనీ పోటీకి దిగగా వేగపుబండ్ల ఛార్జీలు తగ్గిన మాట నిజమే. దానిని మేము కాదనము. కాని అచ్చట వేగపుబండ్లకు ప్రత్యేకమైన దారి గలదు. అన్నిటిని విడగొట్టి అమ్మిన ఇంగ్లండులోనో, పట్టాల కంపెనీ 2001లో కూలెను. ప్రయాణికుల బండ్లను మరల ప్రజల యాజమాన్యమునకు దెచ్చుటకు 2024లో శాసనమే చేయవలసివచ్చెను.

విజయవాడ జంక్షనులో మద్రాసు, విశాఖ, కాజీపేట, గుంటూరు దారులు కలియును. గూడ్సు, ఎక్స్‌ప్రెస్సు, పాసింజరు అన్నియు నా పట్టాలమీదనే నడువవలయును. ఒకరి వేగపుబండికి దారి యిచ్చినచో, గుడివాడ, కైకలూరు పోవు పాసింజరు ప్రక్క లైనులో నిలువవలసినదే. అందులోని కూలివాని గంటకు వెల గట్టువా రెవరు? బందరు, భీమవరము, నరసాపురము దారులలో 221 కిలోమీటర్లకు రెండవ లైనును, విద్యుత్తును సమకూర్చినది ప్రజల సొమ్మే.

పోటీని మేము గ్రుడ్డిగ ద్వేషింపము. మేము కోరునవి మూడు. దారి కేటాయించు అధికారము రైల్వేశాఖకును, కంపెనీలకును లోబడని స్వతంత్ర మండలి కుండవలయును. లాభపుదారి కోరువాడు చిన్న స్టేషనుల పాసింజరునైనను నడుపవలయును, లేదా దాని నష్టములో పాలైనను మోయవలయును. పూచీ యే రూపమునను ఇయ్యరాదు, లెక్కలు ప్రజలముందుంచవలయును.

పాలు పంచుకొనువాడు పశువునకు మేతయు వేయవలయును. అందుకు సమ్మతించు వర్తకుడు వచ్చినచో ద్వారము తెఱువుడని మేమే చెప్పుదుము.