తోటను చూసి ఊరిని వదిలేస్తున్నాం

కాశీ, ప్రయాగ, అయోధ్య, గయ చుట్టొచ్చే మన యాత్రా బస్సులు శ్రావస్తి వైపు తిరగడం అరుదు. అయోధ్యలో సరయు దాటి గోండా, బలరాంపుర్ మీదుగా పోతే నూరు కిలోమీటర్ల పైచిలుకు, అంతే. బుద్ధుడు అన్నిటికంటే ఎక్కువ వర్షాకాలాలు గడిపింది ఇక్కడేనని బౌద్ధులు చెబుతారు. మూడో తీర్థంకరుడు సంభవనాథుడు పుట్టిన ఊరు ఇదేనని జైనుల నమ్మకం. చనిపోయిన బిడ్డను చంకనేసుకుని, చావెరగని ఇంటి ఆవాల కోసం కిసాగోతమి గడప గడపా తొక్కింది ఈ వీధుల్లోనే. అంగుళిమాలుడు కత్తి పారేసిందీ ఈ చుట్టుపక్కలే. కథలన్నీ మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. జరిగిన ఊరి పేరే ఎవరికీ పట్టదు.

ఆ ఊరికి వెళ్లినవాళ్లు కూడా ఊరిని చూడటం లేదన్నది నా ఫిర్యాదు.

శ్రావస్తి శిథిలాలు రెండు చోట్ల ఉన్నాయి. సహేత్ అంటే జేతవన విహారం, సుమారు 32 ఎకరాలు. దానికి కాస్త దూరంలో మహేత్, అంటే అసలు నగరం. దాని మట్టికోట గోడ చుట్టుకొలత ఐదు కిలోమీటర్లకు పైనే. శ్రీలంక, థాయిలాండ్, కొరియా, మయన్మార్ భక్తులు దిగేది సహేత్‌లో. కత్తిరించిన పచ్చిక, నీడ, కూర్చుని జపం చేసుకోవడానికి చోటు, అన్నీ అక్కడున్నాయి. మహేత్‌లో చాలాభాగం ఇంకా పొదల కిందే ఉంది. ఇమ్లీ దర్వాజా, రాజ్‌గఢ్ దర్వాజా అని జనం పిలుచుకునే కోటవాకిళ్లు ఇప్పుడు కట్ట మధ్య పడిన గండ్లు మాత్రమే.

జేతవనం పుట్టిందే ఊళ్లోని డబ్బుతో. జేత రాకుమారుడి తోట నేలంతా అనాథపిండికుడనే వర్తకుడు నాణేలు పరిచి కొన్నాడన్న కథను భర్హుత్ శిల్పి రాతిలో చెక్కాడు. అది ఇప్పుడు కలకత్తా ఇండియన్ మ్యూజియంలో ఉంది. బండి దగ్గర ఎడ్లు విప్పి ఉంటాయి, మనుషులు చదరపు బిళ్లలను నేల మీద ఒకదాని పక్కన ఒకటి పేరుస్తుంటారు. భక్తి కంటే ముందు నాకు అందులో బేరం కనిపిస్తుంది. ఆ పరచడం ఇప్పటికీ ఆగలేదు. బుద్ధుడు ఉన్న గంధకుటి అని చెప్పే కట్టడం ఇటుకల మీద భక్తులు పలచని బంగారు రేకు అద్దిపోతుంటారు. వాళ్ల భక్తిని తప్పుపట్టను కానీ, పాత ఇటుక బతికేది గాలి తగిలితేనే.

మహేత్‌లో జైనులు పూజ్యంగా చూసే శోభనాథ్ శిథిలం ఉంది. పాత గుడి పునాదుల మీద, చాలా తర్వాతి కాలపు చిన్న ఇటుకలతో కట్టిన గుమ్మటం. అక్కడ దొరికిన తీర్థంకరుల విగ్రహాలు ఇప్పుడు అక్కడ లేవు. మరో దిబ్బ పేరు కచ్చీ కుటీ. అనాథపిండికుడి స్తూపమని చూపిస్తారు. కానీ 1907-08లో తవ్వకాలు జరిపిన పురావస్తు శాస్త్రవేత్త ఫోగెల్‌కు అక్కడ దొరికినవి గుప్తుల కాలపు మట్టిఫలకాలు, వాటి మీద రామాయణ ఘట్టాలు. ఆ కాలానికి అది వైదిక దేవాలయం అయివుంటుందని ఆయన అనుకున్నాడు. ఒకే దిబ్బలో ఇన్ని పొరలుంటే, ఒక్క పేరు చెప్పి ముందుకు నడిపించడం ఏం న్యాయం?

బౌద్ధులకు సహేత్ ఉంది, జైనులకు శోభనాథ్ ఉంది. మూడోవాళ్ల మాటేమిటి? ఆనాటి మరో శ్రమణ శాఖ ఆజీవకులది. వాళ్ల గురువు మక్ఖలి గోసాలుడు ఉన్నది ఈ ఊళ్లోనే, హాలాహల అనే కుమ్మరి స్త్రీ ఆవంలో. మహావీరుడూ ఆయనా ఒకప్పుడు ఆరేళ్లు కలిసి తిరిగినవాళ్లు. చివరికి శ్రావస్తిలోనే ఎదురుపడి తిట్టుకున్నారనీ, ఆ తర్వాత ఏడు రోజులకే గోసాలుడు పోయాడనీ జైనుల భగవతీ సూత్రం చెబుతుంది. చెప్పింది ప్రత్యర్థులు కాబట్టి సగమే నమ్ముదాం. అయినా ఒక మతాచార్యుడికి కుమ్మరి స్త్రీ ఇంట్లో మఠం దొరికిన ఊరంటే నాకు గౌరవం. ఆజీవకులు ఇప్పుడు ఒక్కరూ లేరు. వాళ్ల పేరున దీపం పెట్టేవాళ్లు లేరు కాబట్టి యాత్రికుల దారిలో వాళ్ల ఊసూ లేదు.

ఈ ఊరి ఆచూకీ కూడా తేలిగ్గా తేలలేదు. 1863లో పురావస్తు శాస్త్రవేత్త కన్నింగ్‌హామ్ ఇదే శ్రావస్తి అన్నాడు. చరిత్రకారుడు విన్సెంట్ స్మిత్ మాత్రం ఇది కాదు, నేపాల్ వైపు వెతకమన్నాడు. చివరికి జేతవనంలోని ఒక విహారంలో బయటపడిన రాగిరేకు తగువు తీర్చింది. 1130లో కనౌజ్ రాజు గోవిందచంద్రుడు జేతవన భిక్షువులకు ఆరు ఊళ్లు రాసిచ్చిన దానపత్రం అది. రాజు వైదికుడు, ఆయన రాణి కుమారదేవి బౌద్ధురాలు. మన విజయపురి ఇక్ష్వాకులూ ఇంతే కదా, రాజు అశ్వమేధం చేస్తే ఇంటి ఆడవాళ్లు విహారాలు కట్టించారు. ఆ విజయపురి విషయంలో మనం చేసిందీ ఇదే. స్తూపాలను కొండెక్కించి, ఊరిని నాగార్జునసాగర్ నీళ్లకు వదిలేశాం. అక్కడ ఆనకట్ట వచ్చి పడింది. మహేత్‌కు ఆ సాకు కూడా లేదు.

శ్రావస్తికి 2024 మార్చిలో విమానాశ్రయం వచ్చింది. మంచిదే. అయితే నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన బహుముఖ పేదరికపు లెక్కలో ఈ జిల్లా జనాభాలో 74 శాతం పేదలు. తర్వాతి లెక్కలో బాగా తగ్గినా, పేద జిల్లా పేద జిల్లానే. విదేశీ యాత్రికుడు తన దేశం మఠంలో దిగి, తన దేశం వంట తిని, సహేత్‌లో జపం చేసుకుని వెళ్లిపోతే పక్క ఊరి మనిషికి మిగిలేది తామరపూల బేరమే. మహేత్ కోటగోడ వెంట నడిచే బాట వేయాలి. ప్రతి దిబ్బ దగ్గరా అన్ని పొరల కథా హిందీలో, వచ్చే యాత్రికుల భాషల్లో రాసిపెట్టాలి. కలకత్తాకు, లక్నోకు తరలిపోయిన విగ్రహాల నకళ్లయినా దొరికినచోట నిలబెట్టాలి. చుట్టుపక్కల పల్లెల కుర్రాళ్లకు, అమ్మాయిలకు ఏ ఇటుక ఏ కాలానిదో చెప్పడం నేర్పి, జీతమిచ్చి గైడ్లుగా పెట్టాలి. రన్‌వేకి అయిన ఖర్చులో ఇదెంత?