కొత్త కారు కొనుక్కోండి, పాత కారు మాత్రం ఇచ్చెయ్యకండి

మిర్చి డబ్బులో పత్తి డబ్బులో చేతికొచ్చి షోరూమ్ వైపు చూస్తున్న రైతు సోదరులకి ఈ పోస్టు. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి. కోపం వచ్చినా పర్లేదు, చివరిదాకా చదివాక తిట్టుకోండి.

ముందే ఒక మాట. రైతు కారు కొనకూడదు అనే బ్యాచ్ కాదు నేను. ఉద్యోగస్తుడు కొంటే అభివృద్ధి, రైతు కొంటే బలుపు అని ఎవరైనా అంటే నాకూ ఒళ్లు మండుద్ది. ఎండలో నిలబడి పండించినోడికి ఏసీలో కూర్చునే హక్కు ఉంది. కొనుక్కోండి. నా గొడవల్లా ఒక్కటే. కొత్త బండి వచ్చిన రోజే, పదిహేనేళ్లు మనింట్లో చాకిరీ చేసిన ఆల్టోనో, మారుతీ 800నో, ఓమ్నీనో షోరూమ్ గేటు దగ్గర వదిలేసి వస్తున్నారు చూడండి, అది తప్పు. అది మీ ఇంటికి మీరే చేసుకుంటున్న నష్టం.

ఎందుకు ఇస్తున్నారయ్యా అంటే మూడు కారణాలు చెప్తారు. డబ్బులు కలిసొస్తాయి అంటారు. రెండు కార్లు మెయింటైన్ చెయ్యలేం అంటారు. మూడోది పైకి అనరు, అదే అసలు కారణం: నామోషీ. ఒక్కోటి చూద్దాం.

డబ్బు సంగతి. పాత కారుకి 60 వేలు, ఎక్స్ఛేంజ్ బోనస్ అని ఇంకో 20 వేలు, మొత్తం 80 వేలు తగ్గించాడు అనుకుందాం. కాగితం మీద బాగానే కనపడుద్ది. కానీ మనం ఆ కొత్త కారు కొనేది లోన్ మీదే కదా. ఆ 80 వేలు కూడా లోన్‌లోనే కలుపుకుంటే, తొమ్మిదిన్నర శాతం వడ్డీకి 7 ఏళ్ల వాయిదాల్లో, నెలకి పెరిగేది 1,300 రూపాయలు. ఏడేళ్లకీ కలిపితే లక్షా పది వేలు. తక్కువని నేను అనను. కానీ దానికి బదులు చేతిలో ఏం మిగులుద్దో చూడండి. పుట్టినప్పటినుంచీ మీరే నడిపిన బండి. ఏ గేరు గట్టిగా పడుద్దో, ఏ డోరు ఎత్తి వెయ్యాలో మీకు తెలిసిన బండి. రేపు అవసరమై సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌కి వెళ్తే ఇలాంటిది దొరుకుద్దా? మీటరు తిప్పిందో, వరదలో మునిగి తేలిందో దొరుకుద్ది. ఊరి నుంచి గుంటూరు ఆసుపత్రికి ఒక్కసారి కిరాయి కారు మాట్లాడితే ఎంతవుద్దో మీకే తెలుసు, ఆ లెక్కన 1,300 ఎక్కువో తక్కువో మీరే చెప్పండి.

రెండోది, మెయింటెనెన్స్. వెయ్యి సీసీ లోపు కారుకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఏడాదికి 2,094 రూపాయలు. జీఎస్టీ కలిపితే 2,500 లోపే. పాత బండికి ఇంతకు మించి ఇన్సూరెన్స్ అక్కర్లేదు. పదిహేనేళ్లు దాటాక రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 5,000, అది 5 ఏళ్లకి. అంటే ఏడాదికి వెయ్యి. 20 ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టు నుంచి 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ దీనికి అదనం. ఏడాదికొకసారి ఆయిల్, ఫిల్టర్ మార్చుకుంటే దాని కడుపు నిండుద్ది.

ఇక్కడ ఒక పుకారు కూడా తేల్చుకుందాం. "పదిహేనేళ్లు దాటితే బండి తుక్కే అంట కదా" అని చాలామంది అమ్మేస్తున్నారు. ఆ గొడవ ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానిది. మన దగ్గర సొంత కారుకి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు అయిపోతే, ఆర్టీఓ ఆఫీసుకి తీసుకెళ్లి చూపించి, బండి కండిషన్‌లో ఉంటే ఇంకో 5 ఏళ్లకి రెన్యువల్ చేయించుకోవచ్చు. చట్టం అదే చెప్తోంది. వయసు చూసి ఎవడూ పీక్కుపోడు.

ఇంక మూడోది, నామోషీ. "ఇన్ని ఎకరాలు పెట్టుకుని ఇంకా ఆ డొక్కు కారేనా" అనే మాట. ఈ మాటకి దేశంలో ఒక కారే చచ్చిపోయింది. టాటా నానో గుర్తుందా? 2008 జనవరిలో ఢిల్లీలో చూపించారు, లక్ష రూపాయల కారు అన్నారు. స్కూటరు మీద నలుగురు వెళ్లే కుటుంబం కారెక్కాలని చేసిన బండి అది. పదేళ్లు తిరిగేసరికి తయారీ ఆగిపోయింది. మంటలు వచ్చిన సంఘటనలు, ఫ్యాక్టరీ గొడవలు, ఇంకా చాలా ఉన్నాయి, కాదనను. కానీ "అందరికంటే చౌక కారు" అనే ముద్రే దాన్ని దెబ్బతీసిందని రతన్ టాటా గారే అన్నారు. చౌక కారులో దిగితే చౌక మనిషి అనుకుంటారని మన జనం భయపడ్డారు. ఆ భయాన్నే ఇప్పుడు షోరూమ్ వాళ్లు మనకి ఎక్స్ఛేంజ్ బోనస్ పేరుతో అమ్ముతున్నారు.

సరే, ఇప్పుడు కొత్త కారు ఒక్కటే ఉన్న ఇంటి సంగతి చూద్దాం. పొద్దున్నే చేలోకి వెళ్లాలి. మోటారు స్టార్టరు కాలిపోయింది, డబ్బా విప్పి మండలానికి తీసుకెళ్లాలి. గేదెలకి తవుడు బస్తా, దాణా బస్తా తేవాలి. కూలోళ్లకి మధ్యాహ్నం క్యారేజీలు పంపాలి. వానాకాలం నల్లరేగడి బురద బండిని మోకాళ్లదాకా పట్టుకుంటది. డొంకదారిలో రెండు పక్కలా తుమ్మకంప. పన్నెండు లక్షల బండిని అందులో పెడతారా? రెండే జరుగుతాయి. పెట్టరు, బండి రేకుల షెడ్డులో దుప్పటి కప్పుకుని పడుకుంటది, మీరు మళ్లీ వానలో మోటారు సైకిల్ మీదే తిరుగుతారు. లేదా పెడతారు, నెలకో గీత పడుద్ది.

గీత పడితే ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారు. ఉంది. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోద్ది. క్లెయిమ్ లేకుండా ఉంటే ఆ తగ్గింపు మొదటి ఏడాది తర్వాత 20 శాతం, అలా పెరిగి ఐదేళ్లకి 50 శాతం దాకా వెళ్తది. తుమ్మకంప గీతకి క్లెయిమ్ చేశారా, మళ్లీ సున్నా నుంచి మొదలు. ఇంకోటి, కంపెనీలు బండి విలువ కట్టే లెక్కలో ఏడాది దాటితే 20 శాతం, నాలుగేళ్లు దాటితే 50 శాతం కోసేస్తారు. కొత్త బండి విలువ వాకిట్లో నిలబెట్టినా కరుగుద్ది. పాత బండి విలువ ఎప్పుడో కరిగిపోయింది, ఇంక పోయేదేం లేదు. అందుకే అది చేలోకి వెళ్లాలి.

డీజిల్ బండి కొనేవాళ్లు ఇది రెండుసార్లు చదవండి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చే బీఎస్-6 డీజిల్ కార్ల సైలెన్సర్ లైన్‌లో డీపీఎఫ్ అని ఒకటి ఉంటుంది. పొగలో మసిని పట్టుకునే జల్లెడ అనుకోండి. ఆ మసి కాలిపోవాలంటే పొగ బాగా వేడెక్కాలి, అంటే బండి హైవే మీద ఆపకుండా కొంతసేపు మంచి స్పీడులో వెళ్లాలి. మనం చేసేదేంటి? ఇంటి నుంచి చేనుకి రెండు కిలోమీటర్లు, ఫస్టు గేరు, సెకండు గేరు, అక్కడ ఆపెయ్యడం. రోజూ అదే. మసి కాలదు, జల్లెడ పూడుద్ది, మీటర్లో లైటు వెలుగుద్ది, ఇంజను బలం తగ్గుద్ది, సర్వీస్ సెంటర్ వాడు బిల్లు చేతిలో పెడతాడు. బండి తప్పు కాదు. చేనుకి వెళ్లే పని దానిది కాదు, అంతే. చిన్న దూరాలు పాత పెట్రోలు బండికీ మంచివి కావు, కానీ దానికి వచ్చే రోగం మండలంలో మెకానిక్ చెట్టు కింద బాగుచేసే రోగం. మారుతీ 800, ఓమ్నీ, ఆల్టో 800 అన్నిట్లోనూ అదే 796 సీసీ సైజు ఇంజను. 1983లో మొదలైన బండి అది, 2014లో ఆపారు. ఓమ్నీ 2019 దాకా, ఆల్టో 800 అయితే 2023 దాకా వచ్చాయి. సామాను దొరక్కపోవడం అనే మాటే లేదు.

పురుగుమందు సంగతి కూడా ఆలోచించండి. ఎర్ర త్రికోణం ఉన్న డబ్బా మూత కారి, అద్దాలు బిగించిన ఏసీ కారు సీటు మీద వొలికితే ఆ సీటు మీదే సాయంత్రం పిల్లలు కూర్చుంటారు. మందు డబ్బాలు ఏ బండిలో అయినా జాగ్రత్తగానే తేవాలి, వెనకాల పెట్టి, అద్దాలు దించి. కానీ పిల్లలు ఎక్కే బండి వేరే, మందు ఎక్కే బండి వేరే ఉంటే ఆ భయమే ఉండదు.

ఇప్పుడు అసలు మాటకి వస్తున్నా. ఇదే నాకు అన్నిటికంటే ముఖ్యం.

మీ ఇంట్లో కొత్త కారు తాళం ఎక్కడుంటది? మీ జేబులో. పాత కారు తాళం ఎక్కడుంటది? గోడ మేకుకి. ఆ మేకు మీద తాళాన్ని ఇంట్లో ఎవరైనా తీసుకోవచ్చు. కొత్త కారుని మీ ఆవిడ చేతికి ఇస్తారా? "గీత పడుద్ది, వాయిదాలు ఇంకా ఐదేళ్లు ఉన్నాయి" అంటారు. కూతురు డ్రైవింగ్ నేర్చుకుంటానంటే ఇస్తారా? అదే పాత ఆల్టో అయితే గేటుకి గుద్దినా ఎవరూ ఏమీ అనరు. మన ఊళ్లలో డ్రైవింగ్ వచ్చిన ఆడవాళ్లని అడిగి చూడండి, ఏ బండి మీద నేర్చుకున్నారో. పాత కారు అమ్మేసిన రోజు మీరు అమ్మేది ఒక్క బండినే కాదు, మీరు ఊళ్లో లేనప్పుడు మీ ఇంట్లోవాళ్లు కదిలే దారిని. మీరు గుంటూరు యార్డులో టిక్కీల దగ్గర రాత్రి పడుకుంటారు. ఇంటి దగ్గర నాన్నకి గుండెల్లో నొప్పి అంటుంది. 108కి ఫోన్ చెయ్యాల్సిందే, కానీ అది వచ్చేలోపు ఎదురెళ్లడానికైనా వాకిట్లో బండి ఉండాలి, నడిపే చెయ్యి ఉండాలి. పక్కింటి కుర్రాడిని నిద్రలేపి బతిమాలే పరిస్థితి మీ ఆవిడకి ఎందుకు?

పద్ధతి తేలికే. ఎల్ఎల్ఆర్ తీసుకున్న 30 రోజుల తర్వాత లైసెన్సు పరీక్షకి వెళ్లొచ్చు. నేర్చుకునేటప్పుడు లైసెన్సు ఉన్నవాళ్లు పక్కన కూర్చోవాలి. పాత బండే కదా అని పదో తరగతి పిల్లాడికి తాళం ఇచ్చారో, 25 వేలు జరిమానా, తండ్రికి 3 ఏళ్ల దాకా జైలు పడొచ్చు, ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. మేకు మీద తాళం పెద్దవాళ్లకే.

పాత బండి గురించి అన్నీ తీపి మాటలే చెప్పి వెళ్లిపోను. అది హైవే బండి కాదు. 2019కి ముందు వచ్చిన చిన్న కార్లలో చాలావాటికి ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు ఎయిర్‌బ్యాగులు లేని ఆల్టో 800ని గుద్ది చూస్తే ఒక్క స్టారు కూడా రాలేదు. కాబట్టి గీత గీసుకోండి. మండలం లోపల పాత బండి, హైవే ఎక్కితే కొత్త బండి. చేనుకి వెళ్లినా బెల్టు పెట్టుకోండి. టైర్లు, బ్రేకుల దగ్గర మాత్రం పీనాసితనం వద్దు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, పాత బండి పెట్రోలు పైపులు రబ్బరువి, పగుళ్లు ఉన్నాయేమో మెకానిక్‌కి ఒకసారి చూపించండి. వాడకుండా వదిలేస్తే బ్యాటరీ పడిపోద్ది, ఎలకలు వైర్లు కొరుకుతాయి. రోజూ తిప్పడమే దానికి మందు. ఇన్సూరెన్స్ లేకుండా మాత్రం గేటు దాటించొద్దు. 2,500 మిగుల్చుకుందామని చూస్తే, రేపు ఎవరికైనా తగిలితే పొలం అమ్మి కట్టాల్సి వస్తది.

ఇంత చెప్పినా ఇచ్చేస్తామంటే మీ ఇష్టం. కానీ పేరు మారేదాకా వదలకండి. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి వచ్చేస్తే సరిపోదు. రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరు ఉంటే చట్టం దృష్టిలో వాళ్లే ఓనరు, ప్రమాదం జరిగితే బాధ్యత వాళ్లదే అని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. మీరు ఇచ్చిన బండి నాలుగు చేతులు మారి ఎక్కడో ఎవరినో గుద్దితే కోర్టు కాగితం మీ ఇంటికొస్తది.

రెండో కారు అంటే డాబు అనుకుంటున్నారు. డాబు మొదటి కారు. రెండోది పలుగు, పార లాంటిది. కొత్త ట్రాక్టరు కొన్నామని పార అమ్ముకుంటామా? అమ్ముకోం కదా.

షోరూమ్ వాడు ఎక్స్ఛేంజ్ కాగితం ముందు పెట్టి పెన్ను చేతికిచ్చినప్పుడు, ఇంటికి ఒక్క ఫోన్ చెయ్యండి. "పాతది ఇచ్చెయ్యమంటావా" అని మీ ఆవిడని అడగండి. ఆమె ఏం చెప్పిందో అదే చెయ్యండి.