వేసవి సెలవులలో ఇంటి చదువు పిల్లల లెక్కలు

వేసవి సెలవులు సమీపించుచున్నవి. "ఈ యేడు వారములును మా వానిచేత లెక్కలెట్లు చేయింపవలెను?" అని తల్లిదండ్రులు ఉపాధ్యాయుల నడుగుట యేటేట నున్నదే. బిడ్డను బడికి పంపక యింటనే చదువు చెప్పుకొనుచున్న తల్లులును ఇప్పుడీ ప్రశ్ననే యడుగుచున్నారు. బడికి గంట గలదు, సెలవు గలదు. ఇంటి చదువునకు గంట లేదు. ఎప్పుడు నిలుపవలెనో, ఎంత నిలుపవలెనో ఆ తల్లియే నిర్ణయించుకొనవలెను. ఏడెనిమిదేండ్ల బిడ్డను దృష్టియందుంచుకొని నా యభిప్రాయమును విన్నవించుచున్నాను.

సెలవులనగా పలక ముట్టరాదని కొందఱందురు. మఱికొందఱు రాబోవు తరగతి పుస్తకమును మే మాసము ముగియకమున్నే ముగింపింతురు. ఈ రెండవవారిని చూచినపుడే నాకెక్కువ భయము కలుగుచున్నది. మొదటివారి బిడ్డ కొంత మఱచును, నిజమే. అమెరికా దేశమున హారిస్ కూపర్ అను పండితుడును ఆయన సహచరులును 1996 లో 39 పరిశోధనలను పోల్చి చూచి, వేసవి సెలవులలో పిల్లలు సుమారొక నెల చదువును కోల్పోవుచున్నారనియు, పఠనముకంటె లెక్కలలోనే యీ నష్ట మధికమనియు వ్రాసిరి. ఆ కొలత యెంతవఱకు నమ్మదగినదని తరువాతివారు ప్రశ్నించిరి. ఎట్లైనను ఒక నెల మఱపు జూలైనాటికి తీఱునట్టిది. లెక్కయన్నంతనే బెదరుట యేడవయేట మొదలైనచో నది జూలైలో తీఱదు.

ఇంటి చదువున నొక ప్రత్యేకమైన చిక్కు గలదు. బడిలో ఉపాధ్యాయుడు కోపించినను సాయంకాలమునకు బిడ్డ తల్లి చెంతకు చేరును. ఇంట గురువును తల్లియు నొక్కరే. ఉదయమున "ఇదియు రాదా!" యని కసరిన నోరే మధ్యాహ్నమున నన్నమునకు పిలువవలెను. అట్టి బిడ్డ కొలది దినములలోనే పలకను చూచుట మాని తల్లి ముఖమును చూచి జవాబు చెప్పుట నేర్చును. "పదునాలుగు... కాదా? అయినచో పదునైదు" అనును. చుఱుకైన పిల్లలే యీ విద్యను త్వరగా నేర్చుకొందురు. చూచువారు లెక్క వచ్చినదని మురియుదురు.

కావున ఎండ ముదురక మున్ను పావుగంట, వారమునకు అయిదు దినములు చాలునని నా మతము. గడియారమున పావుగంట కాగానే లెక్క సగములో నున్నను పలక ప్రక్కన పెట్టవలెను. ఇంత కొంచెమా యని నవ్వకుడు. ఏడు వారములకు 35 మారులు, అనగా 525 నిమిషములు, 8 గంటల 45 నిమిషములు. బడిలో ఒకటిన్నర దినపు కాలమన్నమాట. ఆ కాలమునే కడపటి వారమున గుదిగ్రుచ్చి చెప్పినచో ఫలము తక్కువ. ఒక్కసారిగా వల్లించిన దానికంటె దినదినమును కొంచెము కొంచెముగా వల్లించినదే నిలుచునని జర్మను దేశీయుడగు ఎబ్బింగ్‌హౌస్ తన జ్ఞాపకశక్తినే పరీక్షించుకొని 1885 లో ప్రకటించెను.

మొదటి రెండు మూడు దినములు చెప్పుట మాని చూడుడు. ఇరువదినుండి వెనుకకు లెక్కింపగలడా? ఏడునకు ఎన్ని చేర్చిన పది యగునో వ్రేళ్లు మడువక చెప్పగలడా? అప్పు తెచ్చి తీసివేయగలడా? లోపములు పది కనబడినను రెండింటినే యెన్నుకొనుడు.

అప్పు తెచ్చుట యనునది చాలమంది పిల్లలకు మంత్రము వంటిది. పెద్దలు చెప్పినట్లు పైన గీత కొట్టి ఒకటి వ్రాయుదురు గాని అదేమో యెఱుగరు. చీపురుపుల్లలను పదేసి చొప్పున కట్టలు కట్టి యిండు. 52 అనగా అయిదు కట్టలును రెండు పుల్లలును. అందు 27 తీయుమనుడు. రెండు పుల్లలలో ఏడు రావు. బిడ్డ కొంతసేపు మిమ్ము చూచును, పిమ్మట తానే యొక కట్టను విప్పును. పండ్రెండులో ఏడు పోగా అయిదు, నాలుగు కట్టలలో రెండు పోగా రెండు, 25 మిగిలినది. ఆ కట్టను మీరు విప్పరాదు.

మన తెలుగు సంఖ్యల పేళ్లును ఈ పనికి మిక్కిలి తోడ్పడును. "పదునేడు" అన్నపుడు పది ముందు, ఏడు వెనుక. ఇంగ్లీషున "సెవెంటీన్" అని విన్న బిడ్డ 17 నకు బదులు 71 వ్రాసినచో వింత యేమి? ఆ మాటలో ఏడే ముందున్నది. పుస్తకము ఇంగ్లీషుదైనను ఈ వయసున నోటిలెక్క తెలుగుననే చేయించుట మేలు.

పావుగంట గడచిన పిమ్మట లెక్కను లెక్కయని పిలువనక్కఱలేదు. ఆవకాయ పెట్టు దినమున కొలతలన్నియు బిడ్డచేతనే పోయింపుడు. మెట్రిక్ తూనికలు 1958 నుండి వచ్చినను అమ్మమ్మల యిండ్ల సోల, తవ్వ, మానిక యింకను అక్కడక్కడ మిగిలియున్నవి: రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. సగమును, పావును పుస్తకమున చూచుటకు ముందు చేతితో కొలిచిన బిడ్డకు భిన్నములు క్రొత్త కావు. తండ్రులకును ఇందు భాగమున్నది. ఫోనుతో సొమ్ము చెల్లించు నీ దినములలో బిడ్డ కంటికి చిల్లరయే కానరాదు. వారమున కొకసారియైన ఏబది రూపాయల నోటు చేతికిచ్చి కూరగాయలు కొనిపించి, మిగులు నాణెములను బిడ్డచేత నెంచింపుడు. ఎంచునంతవఱకు అంగడివాని ముందు నిలుచు నోర్పు తండ్రికి వలయును, అదియే కష్టము.

మధ్యాహ్నపుటెండలో వామనగుంటలు ఉండనే యున్నవి. పదునాలుగు గుంటలలో చింతగింజలను ఒక్కొక్కటిగా పంచుకొనుచు పోవునపుడు, చివరి గింజ ఎక్కడ పడునో ముందుగా నెంచుకొననివాడు గెలువడు. ఈ యాటలో అమ్మమ్మ ఓడినను మంచిదే.

జూను వచ్చిన పిమ్మట బిడ్డ యేమి మఱచెనో యని తొలినాడే పరీక్ష పెట్టకుడు. పది దినములు పాత లెక్కలనే చేయనిచ్చి క్రొత్త పుస్తకమును తెఱువుడు. వామనగుంటల పీటను మాత్రము అటుకమీది కెక్కింపకుడు.