ఇల్లు వాళ్లది, నేల ఇంకొకరిది

అమెరికాలో ‘మొబైల్ హోమ్’ కదిలేది పేరులోనే. ఫ్యాక్టరీలో తయారై, లారీ వెనక వచ్చి ఒకసారి పార్కులో దిగిందంటే చాలావరకు ఇక అక్కడే. కదిలించాలంటే వేల డాలర్లు. బాగా పాతదైతే ఇంకో పార్కు రానివ్వకపోవచ్చు కూడా. ఉండేవాళ్లలో చాలామందికి ఇల్లు సొంతమే, కింద నేల మాత్రం పార్కు ఓనరుది. దానికి నెలనెలా అద్దె. మన దగ్గర ఫ్లాట్ కొంటే నేలలో అవిభక్త వాటా అయినా రాస్తారు, వీళ్లకు అదీ లేదు. నన్నడిగితే ఇది మామూలు అద్దె కన్నా అధ్వానం. అద్దెకున్నవాడు కనీసం సామాను సర్దుకుని పోగలడు.

అందుకే పార్కుని నివాసులే కొనుక్కోవాలంటారు. సరే, కానీ ఎలా కొంటారన్న దగ్గరే తిరకాసు.

కాలిఫోర్నియాలో గొడవైన దారి ఇది: ఓనరే పార్కుని ప్లాట్లుగా విడగొట్టి, ఎవరి ఇంటి కింద నేల వాళ్లకి అమ్మజూపడం. డబ్బున్నవాళ్లు కొంటారు. కొనలేనివాళ్లు అద్దెకే ఉంటారు, కానీ ఊరు పెట్టిన అద్దె నియంత్రణ వాళ్లకి పోతుంది. ఆదాయం తక్కువున్నవాళ్లకి పెంపు మీద రాష్ట్ర చట్టం పరిమితి పెట్టింది. మిగతావాళ్ల అద్దె 4 ఏళ్లలో మార్కెట్ రేటుకి చేరొచ్చు. అద్దె నియంత్రణ తప్పించుకోడానికే ఈ ‘సొంతం’ పాట అని నివాసులు అనుమానించారంటే ఆశ్చర్యమేముంది? సర్వేలో మెజారిటీ ఇంటి యజమానుల మద్దతు లేకపోతే స్థానిక ప్రభుత్వం తిరస్కరించవచ్చని 2013లో చట్టాన్ని సవరించాల్సి వచ్చింది.

న్యూ హాంప్‌షైర్ దారి వేరు. 1984లో మెరెడిత్ అనే ఊళ్లో 13 కుటుంబాలు సహకార సంఘంగా ఏర్పడి, అప్పు తీసుకుని తమ పార్కుని కొనేశాయి. అదే పద్ధతిని దేశమంతా తీసుకెళ్లడానికి 2008లో ఆర్‌ఓసీ యూఎస్‌ఏ అనే సంస్థ వచ్చింది. ఇక్కడ నేల ఏ ఒక్కరి పేరునా ఉండదు, సంఘానిదే. ఇంటికో ఓటు. సభ్యత్వానికి కొంత వాటా సొమ్ము కడితే చాలు, పెద్ద అప్పు సంఘం పేరు మీదే. నెల అద్దె ఉంటుంది, అది ఆ అప్పుకీ నిర్వహణకీ పోతుంది.

నా ఓటు దీనికే. అలాగని పండగేం కాదు. మొదట్లో అద్దె పెరగొచ్చు కూడా. అద్దె ఎగ్గొట్టిన పక్కింటాయనకి నోటీసు ఇవ్వాల్సింది రేపట్నుంచి మనమే (ఊహించుకోండి!). భూమిలో దశాబ్దాల నాటి నీటి గొట్టాలు, మురుగు లైన్లు ఉంటాయి. సివిల్ బ్రాంచ్ మిత్రులకి చెప్పక్కర్లేదు, అసలు ఖర్చు కంటికి కనిపించనిదాన్లోనే దాక్కుంటుంది. అది లెక్కేయకుండా ధర ఒప్పుకుంటే సంఘం మొదటి ఏడాదే మునుగుతుంది.

ఆ లెక్కకి టైమ్ కావాలి. న్యూ హాంప్‌షైర్లో పార్కు అమ్మే ముందు ఓనరు నివాసులకి 60 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ 60 రోజుల్లోనే సంఘం పెట్టాలి, కొంటామని ఆఫర్ ఇవ్వాలి. అప్పు కుదుర్చుకోడానికి మాత్రం అవసరమైతే ఆ తర్వాత కూడా తగినంత సమయం ఉంటుంది. అవతల డబ్బు చేతిలో పట్టుకుని ఇన్వెస్టర్ కంపెనీ రెడీగా ఉంటుంది. అలాంటి నోటీసు చట్టం లేని చోట, పార్కు అమ్ముడైపోయిందన్న సంగతి కొత్త ఓనరు పంపిన అద్దె బిల్లు చూశాకే తెలియొచ్చు.