టైమింగ్ బెల్ట్ సంగతి మీ ఓబీడీ యాప్‌కి తెలియదు!

బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ పెడితే కారు హెల్త్ మొత్తం ఫోన్‌లో కనిపిస్తుందని యాడ్స్‌లో చెబుతుంటారు. నేనూ నమ్మి కొన్నాను. ఎల్లారెడ్డిలో మా బాపు నడిపే పాత డస్టర్ డీజిల్‌కి పెట్టి చూశా. కూలెంట్ టెంపరేచర్, బ్యాటరీ వోల్టేజ్, ఆర్‌పీఎం అన్నీ ఓకే. ఒక్క ఎర్రర్ కోడ్ లేదు. యాప్ పచ్చ టిక్ కూడా పెట్టేసింది. కానీ ఆ బండి టైమింగ్ బెల్ట్ చివరిసారి ఎప్పుడు మార్చారో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం, సర్వీస్ రికార్డు సగమే ఉంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. డీజిల్ కారు టైమింగ్ బెల్ట్ ఇంట్లో మార్చుకోవచ్చు. నేను మార్చాను. కానీ లాకింగ్ పిన్నులు కొనకుండా, ఇంజిన్‌ని చేత్తో తిప్పి చూసే ఓపిక లేకుండా ఆ కవర్ ముట్టుకోవద్దు.

ముందు ఈ బెల్ట్ ఏం చేస్తుందో చూద్దాం. కింద క్రాంక్ రెండు చుట్లు తిరిగితే పైన క్యామ్ ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూసేది ఈ పళ్ల రబ్బరు బెల్టే. డస్టర్‌లో ఉన్న 1.5 లీటర్ కె9కె ఇంజిన్‌లో డీజిల్ హై ప్రెషర్ పంపునీ, వాటర్ పంపునీ తిప్పేది కూడా ఇదే. నడుస్తుండగా తెగితే పిస్టన్ పైకి వచ్చే టైమ్‌కి వాల్వ్ ఇంకా తెరిచే ఉంటుంది, రెండూ గుద్దుకుంటాయి. తర్వాత బెల్ట్ బిల్లు కాదు, ఇంజిన్ హెడ్ బిల్లు వస్తుంది. నిస్సాన్ టెరానో డీజిల్, మహీంద్రా వెరిటో డీజిల్‌లో కూడా ఇదే ఇంజిన్. పాత ఇండికా డీజిల్‌లోనూ బెల్టే. స్విఫ్ట్ 1.3 డీజిల్ ఉన్నవాళ్లు హాయిగా ఉండొచ్చు, అందులో చైన్ ఉంటుంది.

మరి యాప్ ఎందుకు చెప్పదు? బెల్ట్ అరుగుదలని కొలిచే సెన్సార్ లేదు కాబట్టి. క్రాంక్ సెన్సార్, క్యామ్ సెన్సార్ లెక్కలు కలవకపోతే పీ0016 లాంటి కోడ్ రావచ్చు. అది బెల్ట్ పన్ను జారిన తర్వాతి మాట. సర్వర్ పడిపోయాక వచ్చే అలర్ట్ లాంటిది. కళ్లతో చూసినా అన్నిసార్లూ తెలీదు, వయసైపోయిన బెల్ట్ కూడా పైకి నున్నగానే కనిపించొచ్చు. అందుకే మాన్యువల్‌లో కిలోమీటర్లతో పాటు ఏళ్లు కూడా ఇస్తారు. రెండిట్లో ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి.

"నడుస్తున్న బండిని ఎందుకు ఇప్పుతవ్‌రా? ఆగినప్పుడు సూద్దాం" అన్నాడు బాపు. ఆగేది ఇంటి ముందే ఆగుతుందని ఏముంది? నానమ్మని చూపించడానికి కామారెడ్డి పోయేది ఆ బండిలోనే. నేను హైదరాబాద్ నుంచి మెదక్ మీదుగా వచ్చేటప్పుడు పోచారం అడవి దాటేదీ అందులోనే. రాత్రిపూట అక్కడ బండి ఆగితే ఎట్లుంటదో ఆ రోడ్డు తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

శుక్రవారం రాత్రి వచ్చా, శనివారం పొద్దున్నే మొదలుపెట్టా. సోమవారం నానమ్మకి ఆసుపత్రి అపాయింట్‌మెంట్, అదే నా డెడ్‌లైన్. బ్యాటరీ టెర్మినల్ తీసి, కుడి చక్రం విప్పి, బండిని స్టాండ్ల మీద నిలబెట్టా. జాక్ ఒక్కదాన్నే నమ్మి కింద దూరకండి. ఆ వైపు ఇంజిన్ మౌంట్ విప్పాలి కాబట్టి ఇంజిన్ కింద చెక్క ముక్క పెట్టి ఇంకో జాక్ ఆనించాలి. విప్పే ప్రతి బోల్టుకీ ముందు ఫొటో తీశా. ఈ పనిలో ఫోన్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే, దానికి ఫ్లాగ్‌షిప్ కెమెరా అక్కర్లేదు.

లాకింగ్ పిన్నులు రెండు. ఒకటి ఇంజిన్ బ్లాక్‌లోకి బిగిస్తే క్రాంక్ దానికి ఆనుకుని ఆగుతుంది. రెండోది క్యామ్ పుల్లీ రంధ్రంలోంచి హెడ్‌లోకి దూరుతుంది. రెండూ కలిపి ఒక మంచి పవర్‌బ్యాంక్ ధర. వీటి బదులు వైట్‌నర్‌తో గుర్తులు పెట్టుకుంటే చాలు అనే వీడియోలు బోలెడున్నాయి. పాత బెల్ట్ అప్పటికే ఒక పన్ను తప్పి ఉంటే ఆ తప్పునే మీరు జాగ్రత్తగా కాపీ చేస్తారు! ఇంకో సంగతి, క్రాంక్ బోల్టు విప్పేటప్పుడు ఈ పిన్నుల మీద బలం వేయకూడదు. అవి పొజిషన్ చూపించడానికే, విరిగితే కొత్త తలనొప్పి.

టెన్షనర్, వాటర్ పంపు కూడా కొత్తవే వేశా. పాత పంపు ఆర్నెల్ల తర్వాత లీకైతే ఇదంతా మళ్లీ విప్పాలి కదా. సాయంత్రానికి బెల్ట్ ఎక్కించి, పిన్నులు తీసి, రాట్చెట్‌తో క్రాంక్‌ని రెండు చుట్లు తిప్పా. క్రాంక్ పిన్ దగ్గర సరిగ్గా ఆగింది. క్యామ్ పిన్ మాత్రం రంధ్రంలోకి పోలేదు. ఒక పన్ను తేడా.

చీకటి పడింది. ఒక్క పన్నే కదా, ఈసీయూ సర్దుకుంటుందిలే అని నిజంగానే అనిపించింది. మా వీధి చివర మెకానిక్ అన్నకి ఫోన్ చేస్తే ఒక్కటే మాట అన్నాడు. "తమ్మీ, సెల్ఫ్ కొట్టకు. పొద్దుగాల మళ్ల ఇప్పు." చేత్తో తిప్పేటప్పుడు మెల్లగా బరువెక్కి మళ్లీ వదులైతే అది కంప్రెషన్ అని, టక్కున రాయికి తగిలినట్టు ఆగితే మాత్రం వాల్వ్ అని, అక్కడే ఆపేయాలని కూడా ఆయనే చెప్పాడు. నేను చూసిన వీడియోల్లో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

ఆదివారం విప్పితే తప్పు దొరికింది. టెన్షనర్ లేని వైపు బెల్ట్ కొంచెం వదులుగా మిగిలింది, టెన్షనర్ బిగించగానే ఆ వదులంతా పక్కకి జరిగింది. ఈసారి ఆ వైపు బిగుతుగా లాగి ఎక్కించా. రెండు చుట్లు తిప్పా, పిన్నులు రెండూ దూరాయి. మళ్లీ తీసి ఇంకో రెండు చుట్లు తిప్పా, నమ్మకం కోసం. క్రాంక్‌కి కొత్త బోల్టు, టార్క్ తర్వాత ఇంకొంత కోణం తిప్పి బిగించాలి. ఆ కోణం ఫోన్‌లో లెవెల్ యాప్‌తోనే చూశా. రెంచ్ తిరిగేది నిలువుగా కాబట్టి సెన్సార్ సరిగ్గానే చూపిస్తుంది. పాత ఫోన్ కట్టండి, జారితే బాధ ఉండదు.

కూలెంట్ నింపి, మెకానిక్ అన్నని పిలిచి, ఆయన టెన్షనర్ ముల్లు చూసి సరేనన్నాకే తాళం తిప్పా. స్టార్ట్ అయింది. యాప్ తెరిస్తే మొన్నటి అదే పచ్చ టిక్.

బెల్ట్ కవర్ మీద తేదీ, కిలోమీటర్లు మార్కర్‌తో రాసిపెట్టా. సోమవారం ఏడింటికి బాపు, నానమ్మ కామారెడ్డి బయల్దేరారు. బాపు ఏం మాట్లాడలేదు గానీ, మధ్యాహ్నం ఫోన్ చేసి పాత బెల్ట్ పారేయొద్దని, చూపించాల్సినోళ్లు ఇద్దరున్నారని చెప్పాడు.