చావుకి వెళ్లే ఊరు, జబ్బు మనిషి గుమ్మం ఎందుకు తొక్కదు?

ఎప్పుడూ మిరప రేట్లు, పురుగుమందులు, కాలువ నీళ్ల గురించి రాసేవాణ్ణి. ఈరోజు వేరే సంగతి రాస్తున్నాను. కొంతమందికి కోపం రావచ్చు. రానివ్వండి.

మన ఊళ్లో ఇంకొకాయనకి క్యాన్సర్ అని తేలింది. పేరు రాయను, మీ అందరికీ తెలుసు. వారం నుంచి టీ కొట్టు దగ్గర అదే మాట. ఎన్నో స్టేజీ, ఎన్ని లక్షలవుతాయి, పొలం అమ్ముతాడా, అమ్మితే ఎకరం ఎంతకి పోతుంది! ఇన్ని లెక్కలు వేసినవాళ్లలో ఆయన ఇంటికెళ్లి పది నిమిషాలు కూర్చున్నది ఎంతమంది? నిన్న సాయంత్రం నేను వెళ్లాను. "నేనేం తప్పు చేశాను బావా, ఎవరూ ఇటు రావట్లేదు" అన్నాడు.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఒకప్పుడు నేనూ అదే పని చేశాను.

ఆరేళ్ల కింద మా పక్క చేను ఆయనకి గొంతు క్యాన్సర్ వచ్చింది. పాతికేళ్లు ఒకరి చేలో ఒకరం బదులు పని చేసుకున్నాం. ఒకే క్యారేజీలో తిన్నాం. ఆపరేషన్ అయ్యి మాట పోయి ఇంటికొచ్చాక, ఎదురుపడితే ఏం మాట్లాడాలో తెలియక నేను దారి మార్చాను. డొంక వదిలేసి చెరువు కట్ట మీదుగా చేనుకి పోయేవాణ్ణి. ఆయన పోయిన రోజు మాత్రం అందరికంటే ముందు వెళ్లి పాడె మోశాను. దినం అయ్యాక ఆయన భార్య అంది, "అన్నయ్యా, రోజూ అరుగు మీద కూర్చుని మీ బండి చప్పుడు కోసం చూసేవారు" అని.

రెండేళ్ల కింద మా ఇంటావిడకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆమెను అడిగే ఇది రాస్తున్నాను. అప్పుడు ఊరు నాకు పాఠం చెప్పింది. మిరప కోతల్లో పదిహేనేళ్లు ఆమె పక్క సాల్లో నడిచినవాళ్లు రావడం మానేశారు. వీధిలో పేరంటానికి ఇంటింటికీ బొట్టు పెట్టి పిలిచి, మా గుమ్మం దాటి వెళ్లిపోయారు. చుట్టాలింటికి వెళ్తే అందరికీ స్టీలు గ్లాసులో టీ ఇచ్చి, ఆమెకి ప్లాస్టిక్ గ్లాసులో ఇచ్చారు. ఆమె తాగి, ఆ గ్లాసు తానే బయట పారేసి వచ్చింది. ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

మన బుర్రలో ఏముందో నాకు తెలుసు. మిరపలో జెమిని వైరస్ వస్తే తెల్లదోమ పక్క మొక్కకి మోసుకుపోతుంది, అందుకే తెగులు మొక్కని పీకి పారేస్తాం. మనిషిని కూడా అలాగే చూస్తున్నాం. క్యాన్సర్ అలాంటి జబ్బు కాదు. ముట్టుకుంటే రాదు, ఒకే కంచంలో తింటే రాదు, తుమ్మితే రాదు. మిషన్ కింద పడుకోబెట్టి కరెంటు పెడతారు కదా, అది కూడా మిషన్ ఆపాక ఒంట్లో మిగలదు. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. అసలు భయం అటునుంచి ఇటు కాదు, ఇటునుంచి అటు. కీమో ఎక్కిస్తే తెల్ల రక్తకణాలు పడిపోతాయి. మన జలుబు, మన జ్వరం ఆ మనిషికి ప్రాణం మీదికి తేవచ్చు. కాబట్టి ఒంట్లో బాగోలేనప్పుడు వెళ్లొద్దు. బాగున్నప్పుడు చేతులు కడుక్కుని వెళ్లండి.

వచ్చినవాళ్లలోనూ కొందరు రాకపోయినా బాగుండేది. ఒకామె మంచం పక్కన కూర్చుని, ఇదే జబ్బుతో తన మేనత్త ఎలా పోయిందో పూస గుచ్చినట్టు చెప్పింది. ఇంకొకాయన ఆసుపత్రి మానేసి పసరు తాగమన్నాడు. మొదట్లో పట్టుకుంటే నయమయ్యే జబ్బుని పసర్ల పేరు చెప్పి ముదరబెట్టేది ఇలాంటి సలహాలే. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నావు, బయటికి పొక్కనివ్వకు అన్నవాళ్లూ ఉన్నారు. ఆమెకి చెప్పొద్దు, తట్టుకోలేదు అని అందరూ అంటే నేనూ నెల రోజులు దాచాను. ఆసుపత్రిలో బోర్డు చదివి ఆమే తెలుసుకుంది. "నా జబ్బు గురించి ఊరంతా మాట్లాడుకున్నారు, నాకు తప్ప" అంది. దాచి నేను కాపాడింది ఆమెను కాదు, నన్నే. ఆమె ఏడిస్తే చూడలేనని దాచాను.

డబ్బు అడుగుతారేమోనని మొహం చాటేసేవాళ్లకి ఒక మాట. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన దగ్గర్నుంచి క్యాన్సర్ వైద్యం అందులో ఉంది. ఇప్పుడు మన రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నాం. వైద్యానికి వెళ్లే క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపర్ టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్లేవాళ్లకి 75 శాతం రాయితీ. ఆసుపత్రి వాళ్లిచ్చే సర్టిఫికెట్ చూపించాలి. అంటే కార్డు ఉంది, రైలు ఉంది. లేనిది తోడు. కరెంటు పెట్టడం అంటే ఒక్కోసారి వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు. అన్నాళ్లు పట్నంలో ఉంటే ఇక్కడ గేదె పాలెవరు తీస్తారు? నీళ్ల వంతు వస్తే మడవ ఎవరు కడతారు? తోడు మనిషిని ఏ కార్డూ ఇవ్వదు. అది మనమే ఇవ్వాలి.

"ఏం మాట్లాడాలో తెలియదు" అంటారు. మాట్లాడొద్దు. మిరపకి ఒక దఫా మందు కొట్టి రండి. నోరు పూసి కారం తినలేని మనిషికి మెత్తగా కలిపిన పెరుగన్నం పంపండి. ఒక ట్రిప్పు ఆసుపత్రికి తోడు వెళ్లండి. అరుగు మీద కూర్చుని ఎప్పటిలాగే మిరప రేటు మాట్లాడండి. ఆ ఎప్పటిలాగే అన్నదే వాళ్లకి కావాల్సింది. పేరంటమైతే బొట్టు పెట్టి పిలవండి. రావాలో వద్దో వాళ్లే చూసుకుంటారు.

"తీరిక లేదు" అంటారు. చావుకి తీరిక ఎక్కణ్ణుంచి వస్తోంది? మా పక్క చేను ఆయన దినానికి ఊరంతా వచ్చింది, మూడొందల విస్తళ్లు లేచాయి. మంచాన ఉన్న పది నెలల్లో ఆయన గుమ్మం ఎక్కినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ వేళ్లలో నా వేలు లేదు.

మా ఇంటావిడకి వైద్యం అయిపోయింది. జుట్టు మళ్లీ వచ్చింది, చెకప్‌లకి వెళ్తోంది. పొయినేడు కోతలకి కూడా వచ్చింది. రానివాళ్ల మీద ఆమెకి కోపం లేదు. నాకుంది, ముందు నా మీదే ఉంది.

ఈ పోస్టుకి దండం బొమ్మలు పెట్టొద్దు. ఆయనకి సోమవారం మొదటి కీమో. తెల్లారి రైలుకి తోడు నేను వెళ్తున్నాను. నాలుగు రోజులు ఆయన గేదెలు చూసేవాళ్లు ఒకరు, నీళ్ల వంతు చూసేవాళ్లు ఒకరు కావాలి. ఎవరొస్తారో నాకు కాదు, ఈ సాయంత్రం ఆయన ఇంటికెళ్లి ఆయనకే చెప్పండి.